మౌనమే స్నేహమా?
సైకిల్ వీరుల కథ మన బడులకు చెప్పే పాఠం

సైకిల్ పోటీ అంటే ఒక్కడి పరుగు అనుకుంటాం. టూర్ డి ఫ్రాన్స్ అలా ఉండదు. మూడు వారాలు, మూడు వేల కిలోమీటర్లకు పైగా సాగే ఆ పోటీలో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ రోజుల్లో జట్టుకు తొమ్మిది మంది. ఎనిమిది మంది ముందుండి ఎదురుగాలిని కాచుకుంటారు, నీళ్ల సీసాలు మోసుకొస్తారు. గెలుపు మాత్రం నాయకుడి పేరు మీదే ఉంటుంది. ఇలాంటి చోట జట్టు పట్ల విశ్వాసం గొప్ప గుణం. అదే విశ్వాసం తప్పును దాచే ముసుగైతే ఏమవుతుందో హోసూరు, కృష్ణగిరి తెలుగు బడుల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తెలుసుకోవాలని ఈ కథ చెబుతున్నాం.

అందరికీ తెలిసిన రహస్యం

క్యాన్సర్ నుంచి కోలుకున్న ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 వరకు వరుసగా ఏడుసార్లు గెలిచాడు. ఆ గెలుపుల వెనుక ఈపీఓ వంటి నిషిద్ధ మందులున్నాయి. ఈపీఓ రక్తంలో ఎర్రకణాలను పెంచుతుంది. దాంతో కండరాలకు ప్రాణవాయువు ఎక్కువగా అందుతుంది. అయితే రక్తం చిక్కబడి గుండెకు ముప్పు కూడా వస్తుంది. 1999లో దాన్ని పట్టే పరీక్షే లేదు. జట్టులో చాలామందికి సంగతి తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు.

డేవిడ్ జాబ్రిస్కీ కథ వింటే మనసు చివుక్కుమంటుంది. మత్తుమందులు తండ్రిని నాశనం చేయడం చూసి, ఆ బతుకుకు దూరంగా ఉండాలని సైకిల్ పట్టిన కుర్రాడు. 2003లో జట్టు డైరెక్టరు, డాక్టరు అతన్ని కూర్చోబెట్టి ఈపీఓ తీసుకోమన్నారు. ఇది వాడితే తనకు పిల్లలు పుడతారా అని అడిగాడు. అందరూ వాడుతున్నదేగా అన్నారు. చివరికి ఒప్పుకున్నాడు. గదికి వెళ్లి ఏడ్చాడు. తొమ్మిదేళ్ల తర్వాతగానీ ఈ సంగతి లోకానికి తెలియలేదు.

ముందు చెప్పినవారికే కష్టం

తాను ఈపీఓ వాడానని మాజీ సహచరుడు ఫ్రాంకీ ఆండ్రూ 2006లో ఒప్పుకున్నాడు. ఆయన భార్య బెట్సీ ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పింది. ఆమెను పిచ్చిదన్నారు. నాలుగేళ్లు బుకాయించిన ఫ్లాయిడ్ లాండిస్ 2010లో, టైలర్ హామిల్టన్ 2011లో నిజం బయటపెట్టారు. 2012 అక్టోబరులో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ నివేదిక వచ్చేసరికి 26 మంది సాక్షులున్నారు. వారిలో 11 మంది మాజీ సహచరులు. ఏడు విజయాల్లోనూ పక్కనే ఉన్న ఆప్తమిత్రుడు జార్జ్ హింకాపీ కూడా వారిలో ఒకడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టైటిళ్లూ పోయాయి. 2013 జనవరిలో టీవీలో ఆయనే ఒప్పుకున్నాడు.

చివర్లో కలిసి చెప్పినవారిలో ఆరుగురికి ఆరు నెలల నిషేధంతో సరిపోయింది. మొదట ఒంటరిగా మాట్లాడినవారు ఏళ్ల తరబడి నిందలు పడ్డారు. ఇక అసలు తప్పే చేయని క్రిస్టోఫ్ బాసాన్స్ సంగతి చూడండి. 1998లో ఫెస్టినా జట్టు దొరికిపోయినప్పుడు, ఇతను మందు ముట్టలేదని సహచరులే చెప్పారు. మరుసటి ఏడాది డోపింగ్ గురించి పత్రికలో రాసినందుకు తోటి పోటీదారులు వెలివేసినట్టు చూశారు. పోటీ మధ్యలోనే ఇంటికి వెళ్లిపోయాడు. మౌనం కాపాడింది తప్పు చేసినవారిని. దాని ధర కట్టింది నిజాయతీపరుడు.

మనకేమిటి?

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. 2010 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన మహిళల రిలే జట్టులో ముగ్గురు 2011లో డోపింగ్ పరీక్షలో పట్టుబడ్డారు. కోచ్ ఇచ్చిన బలం మందులు తెలియక వాడామన్నారు. అయినా రెండేళ్ల నిషేధం తప్పలేదు. ఒంట్లో ఏం దొరికినా క్రీడాకారుడిదే బాధ్యత అన్నది నియమం. కాబట్టి పిల్లలకు ఎవరు పౌడరు, మాత్ర ఇచ్చినా, అదేమిటో డాక్టరుకు చూపించిన తర్వాతే వాడనివ్వండి.

ఇంకో మాట. మనవి చిన్న బడులు. పిల్లలు తక్కువ, అందరూ అందరికీ తెలిసినవారే. తమిళనాట తెలుగు బడిని నిలుపుకోవాలన్న తపనతో ‘మన బడి పరువు, మనవాళ్ల మాట’ అని సర్దుకుపోయే అలవాటు మనకుంది. పరీక్షలో చూసిరాతైనా, ఆటల పోటీలో తప్పుడు వయసైనా, చెప్పిన పిల్లవాడికి ‘చాడీలకోరు’ అన్న పేరే మిగులుతుంది. ఇతరులను ఇరికించడానికి చెప్పేది చాడీ. తోటివాడికి హాని జరగకూడదని చెప్పేది నిజం. ఈ తేడా తరగతిలో విడమరచి చెప్పాలి.

తప్పు ఒప్పుకున్న పిల్లవాడికి శిక్ష ఉండవచ్చు. కానీ దాచినవాడికంటే అది తక్కువగా ఉండాలి. మొదట చెప్పినవాడు ఒంటరి కాకుండా ఉపాధ్యాయుడు పక్కన నిలబడాలి. ఆ ఒక్క భరోసా ఉంటే పిల్లలు తొమ్మిదేళ్లు ఆగరు. ఆ రోజే వచ్చి చెబుతారు.