మీకు తెలుసా? పాత స్విఫ్ట్ డీజిల్ గుట్టు!

సెకండ్ హ్యాండ్‌లో తొలి తరం స్విఫ్ట్ డీజిల్ చూస్తున్నారా? అయితే ముందు ఈ గుట్టు వినండి! బండి మీద బ్యాడ్జీ సుజుకీది. లోపల గుండె మాత్రం జపానుది కాదు, ఇటలీది! అది ఫియట్ వాళ్ల 1248 సీసీ మల్టీజెట్ ఇంజిన్!

టాటా ఇండికా విస్టా డీజిల్‌లో కొన్ని వేరియంట్ల బానెట్ ఎత్తి చూడండి. అదే ఇంజిన్! ఫియట్ పుంటో డీజిల్‌లోనూ అదే! 3 కంపెనీలకు ఒకటే ఇంజిన్! అందుకే దీని మీద చెయ్యి తిరిగిన మెకానిక్ కోసం ఊరంతా వెతకక్కర్లేదు. పాత బండికి ఇంతకంటే పెద్ద బలం ఏముంటుంది!

ఇంకా వింత చెప్తా! మొదట్లో వచ్చిన పెట్రోల్ స్విఫ్ట్ ఇంజిన్ దీనికంటే పెద్దది. కానీ లాగుడు? పెట్రోలుది 113 న్యూటన్ మీటర్లు. డీజిలుది 190!

అయితే ఆ లాగుడంతా 2000 ఆర్‌పీఎం దగ్గరే! అందాకా టర్బో నిద్ర లేవదు! ట్రయల్ వేసేటప్పుడు ఏసీ ఆన్ చెయ్యండి. స్పీడ్ బ్రేకర్ దాటి సెకండ్ గేరులో తొక్కండి. ముందు నీరసం, ఆ తర్వాత ఒక్కసారిగా దూకుడు! కంగారు పడకండి, అది రోగం కాదు. ఈ బండి తీరే అంత. 2000 దాటినా పికప్ రాలేదా? అప్పుడు మాత్రం టర్బోనీ, దాని గొట్టాలనీ అనుమానించాల్సిందే!

టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారని అడగబోతున్నారా? అసలు బెల్టే లేదు! ఉన్నది చెయిన్! బెల్ట్ ఉన్న చాలా కార్లకు లక్ష కిలోమీటర్ల అటూ ఇటుగా ఆ ఖర్చు తప్పదు. ఇక్కడ ఆ బెడద లేదు! కానీ పొద్దున్నే వెళ్లి, ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచారంటే ఇంకోరోజు వస్తానని చెప్పండి! చల్లటి ఇంజిన్ చేసే గలగల చప్పుడు ఎంతకీ ఆగకపోతే చెయిన్ సాగిందేమో మెకానిక్‌కి చూపించాలి.

మీటర్ తిప్పేశారా? డిక్కీలోని స్టెప్నీ చెప్పేస్తుంది! టైరు పక్కన 4 అంకెలు ఉంటాయి. 1809 అంటే 2009లో 18వ వారం తయారైన టైరు! స్టెప్నీ బండితోపాటు వచ్చిన పాతదే అయ్యుండి, అరిగి బోడిగా ఉందనుకోండి. మీటరేమో తక్కువ కిలోమీటర్లు చూపిస్తోంది. లెక్క కుదరట్లేదు కదా! బ్రేక్ పెడల్ కూడా చూడండి. రబ్బరు మీది గీతలు చెరిగి నున్నగా అయిపోయిందంటే బండి బాగా తిరిగినట్టే!

డిక్కీ అంటే గుర్తొచ్చింది. అది 232 లీటర్లే! పెళ్లికి సామానంతా సర్దుకుని వెళ్లే కుటుంబానికి ఇది నిజంగా లోటే.

అసలు లోటు వేరే ఉంది. చవక వేరియంట్లలో ఒక్క ఎయిర్‌బ్యాగ్ కూడా లేదు! డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి అయింది 2019 జూలైలోనే మరి! పిల్లల్ని ఎక్కించుకునే బండి అయితే, ఎయిర్‌బ్యాగ్‌లున్న బండి దొరికేదాకా ఆగడమే మేలని నా గట్టి నమ్మకం.

బండి వరదలో మునిగిందేమోనని అనుమానమా? సీటు బెల్టు చివరిదాకా లాగండి! లోపల దాక్కున్న బురద మరక బయటపడుతుంది! 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం కదా! సీట్లు కడిగేస్తారు, కార్పెట్ మార్చేస్తారు. బెల్టు అడుగున ఉన్న మరక మాత్రం చాలామందికి తట్టదు!

చివరగా ఆర్సీ. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే! 2007లో వచ్చిన తొలి స్విఫ్ట్ డీజిళ్లకు ఆ గడువు 2022లోనే అయిపోయింది! రెన్యువల్ చేయిస్తే మరో 5 ఏళ్లు. చేయించారో లేదో ఆర్సీలో ఆ తేదీ కళ్లారా చూశాకే అడ్వాన్స్ సంగతి!