ఈస్టుతో మొదలై మిరపకాయ దాకా

ఏటర్రా, మిరపకాయ బజ్జీలు తిని చెంబులకి చెంబులు నీళ్లు తాగేస్తున్నారు! మంట పుట్టించే కాప్సైసిన్ నూనెలో కరుగుతుంది గానీ నీళ్లలో కరగదర్రా. మజ్జిగ తాగండి. అందులోని కేసీన్ అనే ప్రొటీను దాన్ని పట్టుకుని నాలుక మీంచి లాగేస్తుంది. తాగేరా? అయితే ఇలా కూచోండి. ఈ మంట గుట్టు తేల్చి నోబెల్ కొట్టినాయన ఒకడున్నాడు, ఆయన సంగతి చెప్తాను.

పేరు డేవిడ్ జూలియస్. 1955లో న్యూయార్క్‌లో పుట్టేడు. మొదట్లో నొప్పుల జోలికే పోలేదు. బర్కిలీలో పీహెచ్‌డీ చేసింది ఈస్టు మీద, మన రాజాం బేకరీల్లో బన్నుల పిండిలో కలిపే ఈస్టే. ఈస్టు కణాలు జతకట్టేముందు ఒకదానికొకటి ఓ రసాయనం పంపుకుంటాయి. అది ముందు పొడుగాటి ప్రొటీనుగా తయారై, తర్వాత ముక్కలుగా తెగుతుంది. ఆ కోసే ఎంజైము జన్యువుని 1984లో ఆయనా, ఆయన జట్టూ పట్టుకున్నారు. ఈస్టుల పెళ్లిళ్లతో మనకేటి పని అనకండి. మన ఒంట్లో ఇన్సులిన్‌నీ, నొప్పిని అణిచే ఎండార్ఫిన్లనీ పెద్ద ప్రొటీన్లలోంచి కోసి తీసే ఎంజైములు దానికి దగ్గర చుట్టాలే. వాటిని వెతికిన వాళ్లకి ఈ ఈస్టు జన్యువే ఆనవాలైంది. ఏ చదువునైనా పనికిరానిది అంటే నేను ఒప్పుకోనిది అందుకే.

ఆ తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఏక్సెల్ దగ్గర చేరి, సెరోటోనిన్ రిసెప్టర్ ఒకదాని జన్యువు బయటపెట్టేడు. అక్కణ్ణించి శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి. అక్కడే మిరపకాయ పట్టుకుంది. సూపర్‌మార్కెట్‌లో కారం సాసులు పేర్చిన అర ముందు నిలబడి ఈ మంట సంగతే ఆలోచిస్తుంటే, మొదలుపెట్టరాదూ అని భార్య తొందరపెట్టిందట. ఆవిడ హాలీ ఇంగ్రహామ్ కూడా శాస్త్రవేత్తే.

కాప్సైసిన్‌ని పసిగట్టే జన్యువు కోసం వెతుకులాట మాత్రం సామాన్యమైంది కాదు. ఆ పని నెత్తినేసుకున్నది మైకేల్ కాటెరీనా అనే కుర్ర డాక్టరు. వెన్నెముక పక్కనుండే నరాల ముడుల్లోంచి నొప్పి కబురు మోసే నరాలు బయల్దేరతాయి. ఎలుకల నరాల ముడుల్లో పనిచేస్తున్న జన్యువుల నకళ్లన్నీ తీసి, కాప్సైసిన్ పోసినా ఉలకని పలకని కణాల్లోకి వేలకి వేలు కట్టలుగా ఎక్కించేరు. కాల్షియం లోపలికొస్తే వెలుగు మారే రంగొకటి ఆ కణాల్లో వేసి, కాప్సైసిన్ పోసి చూడ్డం. ఒక కట్టలో కొన్ని కణాలు స్పందించేయి. ఆ కట్టని విడగొట్టి, మళ్లీ విడగొట్టి, చివరికి ఒక్క జన్యువు దగ్గర ఆగేరు. 1997లో, మనూళ్లో జీఎంఆర్ ఇంజినీరింగ్ కాలేజీ వెలిసిన ఏడాదే, ఆ కబురు నేచర్ పత్రికలో అచ్చయింది. ఇప్పుడు దాన్ని టీఆర్‌పీవీ1 అంటారు.

అసలు విడ్డూరం ఆ తర్వాతది. ఆ జన్యువు తయారుచేయించే ప్రొటీను నరం కొనన ఉండే తలుపు లాంటిది. కాప్సైసిన్ తగిలితే తెరుచుకుంటుంది, కాల్షియం, సోడియం లోపలికి జొరబడతాయి, నరం మెదడుకి కబురంపుతుంది. అదే తలుపు ఏ మిరపా లేకుండా 43 డిగ్రీల వేడికీ తెరుచుకుంటుంది! కాగే టీ చప్పరించినా, బజ్జీ కొరికినా మెదడుకి చేరే కబురు ఒకటే. అందుకే కారం తింటే నోరు నిజంగా కాలకపోయినా చెమటలు పట్టేస్తాయి. రామచిలక మిరపపళ్లు హాయిగా తినేస్తుంది చూసేరా? పక్షుల్లో ఆ ప్రొటీను వేడికి తెరుచుకుంటుంది గానీ కాప్సైసిన్‌కి లొంగదు.

2002లో పుదీనా చలవని పసిగట్టే ప్రొటీను దొరికింది. దాన్ని జూలియసూ, బీరూట్‌లో పుట్టిన ఆర్డెమ్ పటపూటియనూ ఎవరికి వాళ్లే పట్టుకున్నారు. 2021 నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చేరు. మన పనసపొట్టు కూరలో ఆవ ముక్కుకెక్కుతుందే, ఆ ఘాటుకి వేరే ప్రొటీనుంది, టీఆర్‌పీఏ1 అని. దాని మీదా జూలియస్ జట్టు పనిచేసింది.

మరి మందు సంగతేటి అంటారా? 8 శాతం కాప్సైసిన్ ఉన్న పట్టీకి 2009లో అమెరికాలో అనుమతి వచ్చింది. అక్కి, అదే డాక్టర్లు షింగిల్స్ అనేది, తగ్గిపోయేక కూడా వదలని నరాల నొప్పికి దాన్ని గంటసేపు వేస్తారు. నరం కొనలు మొద్దుబారి నెలల తరబడి ఊరుకుంటాయి. డాక్టరు చేతుల మీద జరగాల్సిన పని అది. ఇది విని మీ నాయనమ్మ మోకాళ్లకి కారప్పొడి రాసేరు గనక, తోలు తీస్తాను!

తలుపుని పూర్తిగా మూసేసే మాత్రలూ చేసేరు. మింగినవాళ్లలో కొందరికి ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాలిపోయింది. మరో మాత్రతో కొందరికి ఒళ్లు కాలేంత వేడి కూడా సరిగ్గా తెలియలేదు. ఒంటి వేడిని అదుపులో ఉంచడంలోనూ ఆ ప్రొటీనుకి చెయ్యుందన్నమాట. వేడినీ చలవనీ ముట్టకుండా నొప్పొక్కదాన్నే ఆపడమెలా అన్నదే ఇప్పుడు తలలు పట్టుకునే ప్రశ్న. 2013లో జూలియసూ, తోటి శాస్త్రవేత్త ఇఫాన్ చెంగూ ఆ ప్రొటీను ఆకారాన్ని దాదాపు అణువణువూ కనపడేలా ఫొటోలు తీసేరు. ఇప్పుడు మందులు చేసేవాళ్లు ఎక్కడ నొక్కితే ఏమవుతుందో ఆ బొమ్మల్లో వెతుక్కుంటున్నారు.