మోకాలి గుజ్జుకు మేత ఎక్కడిది?

‘గుజ్జు అరిగిపోయింది, ఇక మెట్లెక్కకు, నడక తగ్గించు.’ మోకాళ్ల నొప్పులన్న పెద్దవాళ్లకు ఇంట్లో దొరికే సలహా ఇదే. పోర్ట్‌ బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి శ్రీవిజయపురంగా పిలుస్తున్న ఊళ్లో, దాన్ని పాటించడం కష్టం. ఊరంతా ఎత్తుపల్లాలే. అండమాన్‌ నికోబార్‌ దీవుల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం. శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లి చేపల వేట మీద బతికే కుటుంబాలు వారిలో చాలా ఉన్నాయి. కష్టం సంగతి అలా ఉంచితే, అసలు ఆ సలహా సరైనదేనా?

మనం గుజ్జు అనేది నిజానికి మృదులాస్థి. ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి పొర, మందం కొన్ని మిల్లీమీటర్లే. దీన్ని బండి బ్రేక్‌ షూతో పోల్చడం మనకు అలవాటు. కానీ బ్రేక్‌ షూకు ప్రాణం లేదు, దీనికి ఉంది. దీనికి రక్తనాళాలు లేవు కాబట్టి తిండి ప్రధానంగా కీలులోని ద్రవం నుంచే అందాలి. అడుగు వేసినప్పుడు స్పాంజిలా నొక్కుకుపోతుంది, కాలు ఎత్తగానే ద్రవాన్ని పీల్చుకుంటుంది. కదలిక ఆగితే ఈ రాకపోకలు మందగిస్తాయి. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడినవారి మోకాళ్లను ఎమ్మారైతో పరిశీలిస్తే, ఏడాదిలోనే ఈ పొర పలచబడినట్లు తేలింది.

మరి వ్యాయామం చేస్తే? 2005లో స్వీడన్‌ పరిశోధకులు మోకాలి నెలవంక మృదులాస్థికి శస్త్రచికిత్స జరిగిన 45 మందిని తీసుకుని, కొందరితో నాలుగు నెలలు వ్యాయామం చేయించారు. గుజ్జులో నీటిని పట్టి ఉంచే పదార్థం చేయనివారికన్నా వారిలో మెరుగుపడింది. అధ్యయనం చిన్నది. పైగా పోయిన గుజ్జు తిరిగి పుట్టిందని అది చెప్పలేదు. అలా చెప్పే ప్రకటనలను నమ్మకండి. పరుగు మోకాళ్లను తినేస్తుందన్న భయం మాటేమిటి? అనేక పరిశోధనలను కలిపి చూసిన 2017 సమీక్షలో తుంటి, మోకాలి అరుగుదల సరదాగా పరుగెత్తేవారిలో 3.5 శాతం, కదలకుండా కూర్చునేవారిలో 10.2 శాతం. పోటీ స్థాయి పరుగు వీరుల్లో మాత్రం 13.3 శాతం.

అయితే వ్యాయామం వేరు, ఒళ్లు హూనమయ్యే పని వేరు. రోజంతా గొంతుక్కూర్చుని చేపలు కోయడం, బరువైన తట్టలతో గట్టెక్కడం కీలుకు విశ్రాంతి లేని ఒత్తిడి. అలా కష్టపడేవారికి ‘ఇంకా నడవండి’ అనడం అన్యాయం. వారికి కావాల్సింది కూర్చునే పీట, మధ్యలో విరామం, తొడ కండరాలకు బలమిచ్చే కసరత్తు.

నొప్పి ఉన్నవారికి సైకిల్‌ మంచి దారి. ఒంటి బరువు సీటు మీద పడుతుంది, మోకాలు మాత్రం కదులుతూనే ఉంటుంది. 2018 జూనియర్‌ ప్రపంచ ట్రాక్‌ సైక్లింగ్‌లో రజతం గెలిచిన ఎసో ఆల్బెన్‌ ఈ దీవుల కుర్రాడే. పెద్దలకు అంత వేగం అక్కర్లేదు, చదునైన దారిలో అరగంట చాలు. బరువు తగ్గడమూ ముఖ్యమే: 2005 నాటి అమెరికా అధ్యయనం ప్రకారం కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై భారం నాలుగు కిలోలు తగ్గుతుంది.

వ్యాయామంలో కాస్త నొప్పి వచ్చి మర్నాటికి సర్దుకుంటే కొనసాగించవచ్చు. మోకాలు వాచినా, పట్టేసినా, అడుగు వేస్తుంటే జారిపోతున్నట్లున్నా ఆపి వైద్యుడికి చూపించాలి.