మిరప గింజకీ టిక్కీకీ ఒకే కాటా

వైర్‌లెస్ రికార్డులంటే ఎంత దూరం పంపారు, ఎన్ని వాట్లతో పంపారు అన్నవే రాస్తారు. అందుకునే వైపు ఎంత హెచ్చుతగ్గులను తట్టుకున్నారన్నది ఎవరూ రాయరు. అసలు వింత అక్కడే ఉంది.

మార్టూరులో సెల్ టవర్‌కి వంద మీటర్ల దూరంలో ఒకరు, ఐదు కిలోమీటర్ల అవతల మిరప చేలో ఇంకొకరు నిలబడి ఫోన్ పట్టుకున్నారనుకోండి. దూరం పెరిగింది యాభై రెట్లే. అడ్డం లేని ఆకాశంలోనైతే సిగ్నల్ బలం 2,500 రెట్లు తగ్గాలి. నేల మీద లెక్క వేరు. దూరానికి ఘాతం రెండు కాదు, మూడున్నర దాకా పోతుంది. అంటే తొమ్మిది లక్షల రెట్లకు అటూ ఇటూ. మధ్యలో గ్రానైట్ ఫ్యాక్టరీ రేకుల షెడ్డు అడ్డొచ్చి ఇంకో పదింతలు తగ్గించిందంటే తొంభై లక్షలు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిరపకాయల బస్తాలు) తూచే కాటా మీదే ఒక్క మిరప గింజను కూడా కచ్చితంగా తూచమన్నట్టు. గింజకూ టిక్కీకీ బరువులో తేడా కూడా ఇంచుమించు అన్ని లక్షల రెట్లే! ఇంత తేడాను ఫోన్ లోపల సర్దేది వేరియబుల్ గెయిన్ యాంప్లిఫయర్. బలహీనంగా వస్తే పెంచుతుంది, బలంగా వస్తే తగ్గిస్తుంది. తన తర్వాతి సర్క్యూట్‌కి ఎప్పుడూ ఒకే మోతాదు అందిస్తుంది.

చేలో మనిషి కదలడు కాబట్టి అది తేలిక. ఒంగోలు బస్సు ఎక్కితే తెలుస్తుంది అసలు కష్టం. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 33 సెంటీమీటర్లు. చుట్టూ తగిలి వచ్చే తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే, దాదాపు ప్రతి 17 సెంటీమీటర్లకీ సిగ్నల్ ఒకసారి గోతిలో పడుతుంది. బస్సు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 130 గోతులు!

ఫోన్ తన వైపు నుంచి పంపే బలాన్నీ ఇలాగే సర్దుకోవాలి. సీడీఎంఏ అనే పాత మొబైల్ పద్ధతిలో అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడేవారు కనక దగ్గరివాడి ఫోన్ గట్టిగా అరిస్తే దూరపువాడి మాట టవర్‌కి వినపడేది కాదు. అందుకని టవర్ సెకనుకు 800 సార్లు 'పెంచు', 'తగ్గించు' అని ఆజ్ఞలిచ్చేది. 3జీ వచ్చాక అవి 1,500 అయ్యాయి. 

సిగ్నల్ బలాన్ని సర్దే ఈ విద్యలో పాతకాపు హెరాల్డ్ వీలర్. ఈ అమెరికా ఇంజనీరు 1926 జనవరిలో రేడియో వాల్యూమ్ దానంతటదే సర్దుకునే సర్క్యూట్ కట్టాడు. 1929లో ఫిల్కో 95 రేడియోలో అది బజారుకొచ్చింది. మన తాతలు రాత్రిళ్లు రేడియో సిలోన్ పెట్టుకున్నప్పుడు, స్టేషన్ మునుగుతూ తేలుతూ వస్తున్నా పాట మధ్యలో మాటిమాటికీ నాబ్ తిప్పే పని తప్పించింది ఈ ఉపాయమే.

తెలివికి బహుమతి ఇవ్వాల్సి వస్తే నా ఓటు అనలాగ్ డివైజెస్ ఇంజనీరు బ్యారీ గిల్బర్ట్‌కి. గెయిన్ (సిగ్నల్‌ని పెంచే రెట్లు) తగ్గించాలంటే ట్రాన్సిస్టర్‌కి కరెంటు తగ్గించడం మామూలు పద్ధతి. అలా చేస్తే ఒక చివర రొద పెరుగుతుంది, ఇంకో చివర సిగ్నల్ ఆకారం చెడుతుంది. గిల్బర్ట్ అసలు యాంప్లిఫయర్ జోలికే పోలేదు! దాని గెయిన్ స్థిరంగా ఉంచి, ముందు రెసిస్టర్ల నిచ్చెన వేశాడు. ఒక్కో మెట్టు దిగితే వోల్టేజీ సగమవుతుంది, అంటే 6 డెసిబెల్స్. ఏడీ603 చిప్‌లో అలాంటి మెట్లు ఏడు, మొత్తం 42 డెసిబెల్స్. మెట్టుకీ మెట్టుకీ మధ్య గెంతు లేకుండా జారేలా చేయడమే అతని పనితనం. కంట్రోల్ వోల్టేజీని 25 మిల్లీవోల్టులు మారిస్తే సరిగ్గా ఒక డెసిబెల్ మారుతుంది, నిచ్చెన మీద ఎక్కడున్నా సరే. అందువల్ల సిగ్నల్ చిన్నదైనా పెద్దదైనా సర్దుకోవడానికి పట్టే సమయం ఒకటే. డిజైన్ చేసేవాళ్లు 'లీనియర్ ఇన్ డీబీ' అంటూ పట్టుబట్టేది ఇందుకే.

ఓపికలో రికార్డు చిన్న పరికరాలను మొబైల్ నెట్‌వర్క్‌కి కలిపే ఎన్‌బీ-ఐఓటీది. టవర్ పంపిన సిగ్నల్ దారిలో 164 డెసిబెల్స్ పోగొట్టుకున్నా, అంటే 250 కోట్ల కోట్ల వంతుల్లో ఒక వంతు మిగిలినా సరే, పని జరగాలన్నది ఆ ప్రమాణం. నీళ్ల మీటర్లు, పొలంలో తేమ కొలిచే సెన్సార్లు ఉద్దేశించి పెట్టిన లెక్క అది. ఐఐటీ హైదరాబాద్, వైసిగ్ నెట్‌వర్క్స్, సైయంట్ కలిసి ఆ రకం చిప్ ఒకటి తెచ్చాయి. దాని పేరు 'కోలా'.

అన్నిటికన్నా వింతైనది జీపీఎస్. 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే ఆ సిగ్నల్, రిసీవర్ సొంత రొద కంటే కిందే ఉంటుంది. కాబట్టి అక్కడ గెయిన్ సర్దేది సిగ్నల్‌ని చూసి కాదు, రొదని చూసి. ఆ రొద మామూలుగా పెద్దగా మారదు. అందుకే గెయిన్ ఉన్నట్టుండి పడిపోయిందంటే, పక్కన ఎవరో జామర్ పెట్టారని ఇంజనీర్లు అనుమానిస్తారు.