అమెరికాలో గోదావరి కాపురము

గోదావరి పాయయొకటి సముద్రమును సమీపించుచోట కోరంగి యను గ్రామము కలదు. నేడది మడయడవులకు ప్రసిద్ధము గాని, ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1843లో ‘కోరంగి పాకెట్’ అను నౌక తెలుగు కూలీలను మారిషస్ ద్వీపమునకు గొనిపోయినది ఆ రేవు నుండియే. ఆ దీవిలో చాలకాలము తెలుగువారిని కోరంగివారనియే వ్యవహరించిరి. అటుపిమ్మట బర్మా వంతు వచ్చెను. కాకినాడలో పొగయోడ నెక్కి రంగూనునకు బోయి, అచటి ధాన్యపు మిల్లులలోను రేవులోను చెమటోడ్చిన మన జిల్లాలవారు వేలకొలది. అయితే ఈ రెండు వలసలకును నడుమ గొప్ప భేదము కలదు. మారిషస్‌కు బోయినవారిలో స్త్రీలును ఉండిరి గనుక అచట సంసారములు వెలసినవి, గుడులు లేచినవి. ఉగాది నేటికిని ఆ దేశమున ప్రభుత్వపు సెలవుదినము. రంగూనునకు బోయినవారిలో మగవారే అత్యధికులు. ఆలుబిడ్డలు ఊరిలో, తాము రేవులో, నాలుగు డబ్బులు కూడబెట్టి తిరిగివచ్చుటయే వారి సంకల్పము. 1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు ఆ నగరముపై బడిన పిదప లక్షలకొలది భారతీయులు కట్టుబట్టలతో వెనుకకు మరలిరి. వారిలో మనవారును ఉండిరి.

పురుషుడొక్కడు పోయిన అది సంపాదన. ఆలుమగలిద్దరును పోయినగాని కాపురము కాదు. 1895లో భీమవరమున జన్మించి, వైద్యశాస్త్రమునకు అపారమైన సేవ చేసిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాకు బోయి 1948లో కన్నుమూయువరకు తిరిగి రాలేదు. ఆయన భార్య శేషగిరిగారు ఇచటనే ఉండిపోయిరి. ఆయన కీర్తిని తలచుకొన్నప్పుడెల్ల నాకు ఆమె ఒంటరి సంవత్సరములు కూడ జ్ఞప్తికి వచ్చును. ఆ కాలమున అమెరికా చట్టములు ఆసియావాసులను దాదాపుగా వెలివేసినవి. 1965 నాటి చట్టము ఆ తలుపు తెరచినది. 1990 నాటి చట్టముతో హెచ్-1బి అను ఉద్యోగ వీసా ఏర్పడినది. ‘అబ్బాయి హెచ్ వన్ మీద ఉన్నాడండి’ అను మాట నేడు అమలాపురము మొదలు తణుకు వరకు పెండ్లి సంబంధములలో పొలమును గూర్చిన మాటవలె వినవచ్చుచున్నది. కాని ఆ అబ్బాయి వెంట పోవు అమ్మాయి ఏ వీసాపై పోవునో, ఆ వీసా ఆమెకు ఏమి యిచ్చునో, ఏమి యీయదో విచారించువారు మిక్కిలి తక్కువ.

ముందుగా అచటి దినచర్య యెట్టిదో చూతము. డల్లాసు పరిసరములందలి ఇర్వింగ్, ఫ్రిస్కో, న్యూజెర్సీ యందలి ఎడిసన్ మొదలగు చోట్ల తెలుగు సంసారములు దండిగా ఉన్నవి. అచటి ఇండ్లలో అధికభాగము కొయ్యచట్రముపై కట్టినవి. నిప్పు భయము హెచ్చు. కావున ప్రతి యింటను పొగను పసిగట్టి మ్రోగు యంత్రముండును. ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెట్టిన తొలిదినమున అది చెవులు చిల్లులు పడునట్లు మొరపెట్టగా, క్రొత్తకోడలు గరిటె వదలి, కిటికీ తెరచి, తువ్వాలుతో విసరుట దాదాపు ప్రతి కాపురమునను జరుగు ఘట్టమే. పనిమనిషి లేదు, చాకలి లేడు. అంట్లకును బట్టలకును యంత్రములున్నవి గాని, వానిలో వేయుట, తీయుట, మడుచుట మనుష్యుల వంతే. చెత్తతొట్టిని వారమున కొకమారు నియమితదినమున వీధియంచున నుంచవలెను. ఇల్లు సొంతమైనచో ముంగిటి గడ్డిని వేళకు కత్తిరింపవలెను. ఇచట వంటయింటి గడప త్రొక్కని మగవాడు అచట కూరలు తరుగును, బిడ్డకు స్నానము చేయించును. ఇది ఆ దేశము మనవారికి చేసిన మేలు అని నా దృఢమైన అభిప్రాయము.

అన్నము మాత్రము మారలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి వరితో పెరిగిన సీమవారికి సోనామసూరి బస్తా యింటనున్ననే ధైర్యము. 2023 జూలై 20న భారత ప్రభుత్వము బాసుమతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించినప్పుడు, అమెరికాలోని మన దుకాణముల యెదుట తెలుగువారు బారులు తీరి బస్తాలకు బస్తాలు కారులలో వేసికొనిపోయిరి. టెక్సాసు ఎండకు గోంగూర పెరటిలోనే ఏపుగా పెరుగును. ఆవకాయ, సున్నుండలు, ఆత్రేయపురపు పూతరేకులు పార్సెలులో వచ్చును. డల్లాసులో వేసవి రాత్రి ఎనిమిదిన్నర యైనప్పుడు రాజమహేంద్రవరమున మరునాటి ఉదయము ఏడు గంటలు. ఇచట కాఫీ త్రాగుచు తల్లి, అచట బిడ్డను నిద్రపుచ్చుచు కూతురు, ఫోనులో ముఖములు చూచుకొందురు. ‘బాగున్నావా అమ్మా’ యన్న ప్రశ్నకు ‘ఆయ్, బాగున్నానండి నాన్నగారూ’ అను ఆ గోదావరి పలుకు వేల మైళ్ళకావల కూడ చెక్కుచెదరలేదు.

ఆ ‘బాగున్నాను’ అను మాట వెనుక నున్నదేమో యిప్పుడు చెప్పెదను. హెచ్-1బి వాని భార్యకు లభించునది హెచ్-4 అను వీసా. దానిపై ఆమె చదువుకొనవచ్చును గాని జీతమునకు పనిచేయరాదు. ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని, హైదరాబాదులో ఉద్యోగము చేసి, తన జీతము తాను ఖర్చు పెట్టుకొన్న యువతి, అచట దిగిన మరునాటినుండి పచారీ సామానునకు సయితము భర్తపై ఆధారపడవలెను. చాల ఊళ్ళలో బస్సు లుండవు. కారు నడుపుట రానిచో గడప దాటలేదు. భర్త ఉదయము పనికి బోయిన పిదప మంచు కురియుచున్న కిటికీ వద్ద ఆమెకు పలుకరించు దిక్కుండదు. ఇరుగమ్మ, పొరుగమ్మ, పాలవాడు, ఎవరును రారు. 2015 మే నెలలో ఒక సడలింపు వచ్చినది: భర్త గ్రీన్ కార్డు, అనగా శాశ్వత నివాసపు అనుమతి, ప్రయత్నములో ఐ-140 అను మెట్టు దాటినచో భార్య పని అనుమతికి దరఖాస్తు చేసికొనవచ్చును. ఆ మెట్టు వచ్చువరకు కొందరికి కొన్ని యేండ్లు పట్టును. భర్త ఉద్యోగము పోయినచో సాధారణముగా అరువది దినములలో మరియొక ఆధారము చూచుకొనవలెను. లేనిచో భార్యాబిడ్డల వీసాయు దానితోనే ముగియును.

ఇక గ్రీన్ కార్డు సంగతి. ఉద్యోగముల ద్వారమున ఏటా ఇచ్చునవి దాదాపు 1,40,000. అందులో ఏ యొక్క దేశమునకును సామాన్యముగా నూటికి ఏడు పాళ్ళకు మించి యీయరు. భారతదేశమంత పెద్ద దేశమునకును, చిన్న ద్వీపమునకును అదే పరిమితి. అందుచేత మనవారి వరుస దశాబ్దములు సాగుచున్నది. శైశవమున తల్లిదండ్రులతో బోయిన బిడ్డకు ఇరువదియొకటవ యేడు నిండినంతనే, అప్పటికి వంతు రాకపోయినచో, ఆ బిడ్డ తన వీసాను తాను వెదకుకొనవలెను. ఆ దేశపు బడిలో అక్షరములు దిద్దిన పిల్లకు ఇది యెంత అన్యాయమో వేరుగ చెప్పనక్కరలేదు.

కూతురి పురుటి సమయమున ఇచటినుండి తల్లి విమానమెక్కును. ప్రసవమైన రెండు మూడు దినములకే బాలెంతను ఇంటికి పంపుదురు గనుక పథ్యము, నలుగు, బిడ్డ నీళ్ళు అన్నియు ఆమెపైననే పడును. సందర్శకుల వీసాపై సామాన్యముగా ఆరు నెలలే ఉండనిత్తురు. అమ్మాయి తల్లిదండ్రులు ఆరు నెలలుండి మరలగా, అబ్బాయి తల్లిదండ్రులు మరియొక ఆరు నెలలకు వత్తురు. ఇట్లు వియ్యాలవారు విమానాశ్రయములలో వంతులు మార్చుకొనుచుందురు. సంవత్సరము గడచిన పిదప, తల్లియు పని చేయుచున్నచో, బిడ్డను సంరక్షణాలయమునకు పంపక తప్పదు. దాని రుసుము చాల కుటుంబములకు ఇంటి అద్దెతో సరితూగును.

ఇంత కష్టము నడుమను మనవారు నిలిచిరి. 1970 దశకముననే పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరునికి గుడి కట్టిరి. 1977లో తానా అను తెలుగు సంఘపు మహాసభ జరిపిరి. 2007 నుండి మనబడి పేర పిల్లలకు తెలుగు నేర్పుచున్నారు. ఈ బడులకు సెలవుదినములలో పిల్లలను దింపువారిలోను, జీతము లేకయే పాఠములు చెప్పువారిలోను పని అనుమతి లేని యిల్లాండ్రు ఎందరో కలరు. వారి చదువును ఆ దేశపు చట్టము గుర్తింపకున్నను మన భాష గుర్తింపవలెను.

కూతును అమెరికాకు ఇచ్చు తల్లిదండ్రులకు నా విన్నపమిది. అబ్బాయి జీతమెంత, ఇల్లెంత యని యడుగుటకు ముందు అతని వీసా యెట్టిది, ఐ-140 అయినదా యని యడుగుడు. అమ్మాయికి పెండ్లికి ముందే కారు నడుపుట నేర్పింపుడు. ఆమె పాస్‌పోర్టు ఆమె చేతనే యుండవలెనని ఇరుపక్షముల పెద్దల యెదుట చెప్పుడు. ఆపద వచ్చినచో అచట 911కు ఫోను చేయవలెననియు, హెచ్-1బి భర్త హింసించినచో భార్య తానే పని అనుమతి కోరుటకు చట్టమున వీలున్నదనియు ఆమెకు తెలియజెప్పుడు. ఫోనులో ‘బాగున్నానండి’ అని పలికినప్పుడు ఇల్లు చూపుమని కాక, ఈ దినమంతయు ఏమి చేసితివమ్మా యని యడుగుడు.