జాతర విడిదిలో పోత్‌రాజ్‌కు మర్యాద

చంద్రపూర్ మహాకాళీ జాతర చైత్రమాసంలో జరుగుతుంది. మరాఠ్వాడా, తెలంగాణ భక్తులు ఝరపట్ నదిలో స్నానమాచరించి, సమీపంలోనే విడిది చేసి వండుకొంటారు. అక్కడికే పోత్‌రాజ్‌లు డోలు మోతతో వస్తారు.

మన బోనాల పోతరాజు అమ్మవారి సోదరుడు. మహారాష్ట్ర పోత్‌రాజ్ మరియాయి దేవత పేరిట ఊరూరా సంచరించే భక్తుడు. కొరడాతో తన్ను తానే కొట్టుకొంటాడు. ప్రజలిచ్చే ధాన్యమే అతని జీవనాధారం. కనుక అతనిని బిచ్చగాడని కసరరాదు. ఇవ్వగలవారు గుప్పెడు బియ్యమివ్వాలి; ఇవ్వలేనివారు నమస్కరించి మృదువుగా చెప్పాలి. కొరడా ఝళిపించే చోటికి పిల్లలను పోనీయరాదు. అతడు సైతం పొయ్యిలకు ఎడంగా ఆడాలి. నిద్రించేవారి చెంత డోలు ఆపాలి. ఇంతే కావాలని పట్టుబట్టరాదు. ఒకే తల్లి దర్శనానికి వచ్చినవారికి పరస్పర గౌరవమే తొలి మొక్కు.