వీపు మీద స్కోప్: తేలినీలాపురం, తేలుకుంచి వెళ్ళేవాళ్ళ కోసం

ఏ స్పాటింగ్ స్కోప్ కొనాలి అని చాలామంది అడుగుతున్నారు. ఈ ఎపిసోడ్ దాని గురించి కాదు. కొన్నాక దాన్ని వీపు మీద ఎలా మోసుకెళ్ళాలి, పాడవకుండా ఇంటికి ఎలా తెచ్చుకోవాలి, అదీ మన టాపిక్.

కొత్తవాళ్ళకి ఒక్క ముక్క చెప్తాను. బైనాక్యులర్ మామూలుగా 8 రెట్లో 10 రెట్లో దగ్గరగా చూపిస్తుంది. స్కోప్ 20 నుంచి 60 రెట్ల దాకా చూపిస్తుంది. ఒంటి కన్నుతో చూడాలి. చేత్తో పట్టుకుంటే బొమ్మ వణికిపోతుంది, అందుకే ట్రైపాడ్ తప్పనిసరి. స్కోప్, ట్రైపాడ్ కలిపి మూడు కిలోలు ఈజీగా దాటుతుంది.

దీన్ని మోయడం గురించి ఆన్‌లైన్‌లో వెతికితే ఎక్కువగా అమెరికా వేటగాళ్ళ వీడియోలే వస్తాయి. వాళ్ళు బ్యాగ్ తగిలించుకుని రోజుల తరబడి కొండల్లో తిరుగుతారు, జంతువుని దూరం నుంచి స్కోప్‌లో వెతుకుతారు. మన దేశంలో వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, కాబట్టి ఆ సగం మనకి వద్దు. మోసే పద్ధతి మాత్రం పనికొస్తుంది. కాకపోతే వాళ్ళ భయం రాళ్ళతో, మంచుతో. శ్రీకాకుళం, విజయనగరంలో మన భయం వేరు: తేమ, ఉప్పు గాలి, బైక్ కుదుపు.

అసలు ఇంత బరువు ఎందుకు మోయాలి? టెక్కలి మండలం తేలినీలాపురం వెళ్ళండి. గూడబాతులు, అదే పెలికాన్‌లు, ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు పెడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానాకాలంలో చిల్లుముక్కు కొంగలు వస్తాయి. ఊరివాళ్ళు వాటిని ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకుంటారు. మనం ఫోన్ పట్టుకుని చెట్టు కిందకి పోతే తల్లి పక్షి లేస్తుంది. అది తిరిగొచ్చేదాకా గుడ్లు, పిల్లలు ఎండలో ఉంటాయి, పక్కనే కాకులు కాచుకుని ఉంటాయి. స్కోప్ ఉంటే రోడ్డు పక్కన నిలబడే పిల్ల నోట్లో చేప పెట్టడం కూడా చూడొచ్చు. అదే స్కోప్‌లో బొమ్మ మసకబారిందనుకోండి, ఇంకో పది అడుగులు ముందుకేద్దాం అని కాలు లాగుతుంది. అందుకే దీన్ని కాపాడుకోవడం మన డబ్బు కోసం మాత్రమే కాదు.

ముందు సైజు. ముందు అద్దం 80 మి.మీ. ఉన్నది తెల్లారుజామున వెలుతురు బాగా పట్టుకుంటుంది, కానీ బరువు. నడిచేవాళ్ళకి 65 మి.మీ. చాలని నా అభిప్రాయం. నౌపడ ఉప్పు మడుల దగ్గర ఎండెక్కాక నేల మీంచి వేడిగాలి లేచి బొమ్మంతా నీళ్ళలో చూసినట్టు అల్లాడిపోతుంది. అప్పుడు 60 రెట్లు పెట్టినా ఆ అల్లాటే పెద్దగా కనిపిస్తుంది. 25, 30 దగ్గర ఆగిపోవడమే నయం.

ఇప్పుడు బ్యాగ్. స్కోప్ నిలువుగా, మధ్యలో, వీపుకి దగ్గరగా ఉండాలి. బరువు వీపుకి ఎంత దగ్గరుంటే భుజాలు అంత తక్కువ లాగుతాయి, పొలం గట్టు మీద తూలడం కూడా తగ్గుతుంది. అడుగున ఒక మడత తువ్వాలు వేయండి, ఎందుకంటే బ్యాగ్ కింద పెట్టేటప్పుడే ఎక్కువ దెబ్బలు తగులుతాయి. చుట్టూ స్వెట్టరో రెయిన్‌కోటో కుక్కండి. కంటి దగ్గర పెట్టే ఐపీస్ ఊడేదైతే తీసి, రెండు వైపులా మూతలు పెట్టి, విడిగా మందపాటి సాక్సులో వేయండి. స్కోప్ బాడీకి మూత పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే లోపలికి దుమ్ము పోతుంది. నీళ్ళ బాటిల్ మాత్రం బయట జేబులోనే ఉండాలి.

ట్రైపాడ్‌కి బిగించిన స్కోప్‌ని అలాగే భుజాన వేసుకుని నడిచే అలవాటు చాలామందికి ఉంది. వంద అడుగులకి పర్లేదు. ఉద్దానం జీడితోటల్లో మాత్రం వద్దు, జీడి కొమ్మలు మన తల ఎత్తులోనే ఉంటాయి. పైగా ఆ బరువంతా కింద ఒక్క స్క్రూ మీదే ఊగుతుంది.

బైక్ మీదైతే స్కోప్ వీపు మీదే ఉండాలి. ట్యాంక్ మీద పెట్టినా, వెనక క్యారియర్‌కి కట్టినా ఇంజన్ వణుకు, గతుకుల దెబ్బ నేరుగా అద్దాలకి పోతుంది. మీ ఒళ్ళే దానికి షాకబ్జార్బర్. కాంప్లెక్స్‌లో ఆర్టీసీ బస్ ఎక్కితే ఒళ్ళో పెట్టుకోండి. డిక్కీలో వేయమని కండక్టర్ అన్నా నవ్వి ఊరుకోండి.

అక్కడికి చేరాక గాలి ఒక సమస్య. ట్రైపాడ్ మధ్య రాడ్ పైకి లేపకండి, కాళ్ళు వెడల్పుగా పెట్టి, బ్యాగ్‌ని మధ్యలో వేలాడదీయండి. మెత్తటి బురదలో కాలు దిగిపోతుంటే కింద ఒక్కో కొబ్బరి చిప్ప పెట్టండి. నేను మూడు చిప్పలు బ్యాగ్‌లోనే ఉంచుతాను, మా అమ్మ చూసి నవ్వుతుంది. ఇంకోటి, స్కోప్‌లోంచి సూర్యుణ్ణి పొరపాటున కూడా చూడొద్దు, క్షణంలో కన్ను పోతుంది.

మూడు కాళ్ళ మీద గొట్టం కనిపిస్తే ఎవరో ఒకరు రాకుండా ఉండరు. "ఏటి బాబూ, సర్వేకొచ్చారేటి?" అంటారు. మూలపేట పోర్టు పనులు జరుగుతున్న ప్రాంతంలో ఆ అనుమానం న్యాయమైనదే. విసుక్కోకుండా ఒకసారి చూడనివ్వండి. పిల్లలైతే క్యూ కడతారు. అద్దం మీద వేలిముద్రలు పడతాయి, పడనివ్వండి, తుడుచుకోవచ్చు.

తుడవడంలోనే అసలు జాగ్రత్త. సముద్రపు గాలికి అద్దం మీద సన్నటి ఉప్పు పేరుకుంటుంది. చొక్కా అంచుతో రుద్దితే ఆ ఉప్పు, ఇసుక గరుకు కాగితంలా పనిచేసి అద్దం మీది పూత గీసుకుపోతుంది. ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, తర్వాత మెత్తటి బ్రష్, ఆఖర్న లెన్స్ క్లీనర్‌తో కొంచెం తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. బాడీని మంచినీళ్ళలో పిండిన గుడ్డతో తుడవండి.

ఏసీ గదిలోంచి స్కోప్‌ని ఒక్కసారిగా బయటికి తీస్తే అద్దం నిండా ఆవిరి పట్టేస్తుంది. బ్యాగ్ మూసే ఉంచి, అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వండి. నైట్రోజన్ నింపి సీల్ చేసిన స్కోప్‌లో లోపల ఆవిరి పట్టదు, కానీ పై అద్దానికి ఆ రక్షణ లేదు.

ఇంటికొచ్చాక చాలామంది తడి కవర్‌తోనే బీరువాలో పెట్టేస్తారు. మన వానాకాలంలో అద్దం మీద ఫంగస్ పెరగడానికి అంతకన్నా మంచి చోటు లేదు. సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తాయి, ముదిరితే పూతని తినేస్తుంది, బాగుచేసినా మచ్చ మిగలొచ్చు. కాబట్టి కవర్ తీసి, ఫ్యాన్ కింద ఒక రాత్రి ఆరనివ్వండి. తర్వాత మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పాటు పెట్టండి. పక్కన చిన్న తేమ మీటర్ ఒకటి వేయండి, 40 నుంచి 50 శాతం మధ్య చూపిస్తే చాలు. రంగు మారే సిలికా జెల్ కొనండి. నారింజ రంగుది తేమ పీల్చాక ఆకుపచ్చకి తిరుగుతుంది, అప్పుడు ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే మళ్ళీ నారింజకి వస్తుంది. వంటకి వాడే గిన్నెలో మాత్రం పోయకండి.